నారోబోట్‌లో కాపురం పెట్టొచ్చా? అలా ఉన్నవాళ్లు చెప్పండి

ఎంకే_కుర్రాడు · నవంబర్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పెళ్లయి ఏడాదిన్నర అయింది. ఒక బెడ్‌రూమ్ ఫ్లాటుకు నెలకు 1,250 పౌన్లు అద్దె. కరెంటు, కౌన్సిల్ టాక్స్ కలిపితే 1,600 దాటుతోంది. రోజూ ఆఫీసు నుంచి గ్రాండ్ యూనియన్ కాలువ గట్టు మీదుగా నడిచి వస్తాను. నారోబోట్లు అనే ఆ సన్నటి పొడవాటి పడవలు, పొగగొట్టాల్లోంచి లేచే పొగ, పైకప్పు మీద పూల కుండీలు చూసినప్పుడల్లా మేమూ ఇలా ఉంటే బాగుండు అనిపిస్తోంది.

57 అడుగుల నారోబోట్ ఒకటి 46,000 పౌన్లకు అమ్మకానికి ఉంది. 2004లో కట్టింది. మా దగ్గరున్న డబ్బు దాదాపు అంతే. వీడియోల్లో ఎక్కడ చూసినా ఎండ, బాతులు, గట్టు మీద టీ. నాకు జనవరి సంగతి కావాలి. వంట, టాయిలెట్, కరెంటు, అడ్రస్, ఇవన్నీ ఎలా నడుస్తాయి? మా ఆవిడకు ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నీటిగడప · నవంబర్ 8, రాత్రి 11:30

తమ్ముడూ, నేనూ మా ఆయనా పడవ మీదకు వచ్చి ఆరో ఏడు నడుస్తోంది. మాదీ 57 అడుగులే. లోపల వెడల్పు ఆరడుగులే ఉంటుంది. ఒకరు స్టవ్ దగ్గరుంటే రెండోవాళ్లు పక్కకు ఒదిగి దాటాలి. అలవాటయ్యే వరకు భుజాలకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి.

జనవరి సంగతి అడిగావు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. పొద్దున లేవగానే చేసే మొదటి పని బొగ్గు పొయ్యి చూడటం. రాత్రి పడుకునే ముందు గాలి తగ్గించి, నిప్పు నివురు కింద నిలబడేలా పెడతాం. అది నిలబడితే పొద్దున పడవ వెచ్చగా ఉంటుంది. ఆరిపోతే నోట్లోంచి ఆవిరి వస్తుంది. బూడిద తీసి, కొత్త బొగ్గు వేసి, రాజుకునే దాకా కోటు విప్పకుండా కూర్చోవాలి. 25 కిలోల బస్తా గట్టి చలిలో మాకు మూడు రోజులు వస్తుంది. ఆ బస్తాను గట్టు మీద నుంచి మోసుకు రావాలి.

నీళ్లు: మా ట్యాంకు 400 లీటర్లు. జాగ్రత్తగా వాడితే ఇద్దరికి తొమ్మిది, పది రోజులు. ఆ తర్వాత పడవను నీటి కుళాయి ఉన్న చోటికి నడుపుకుంటూ వెళ్లి, గొట్టం పెట్టి గంటా గంటన్నర నిలబడాలి. అన్నం గిన్నె కడిగే నీళ్లు కూడా లెక్కే. గడ్డకట్టే చలి వస్తే గట్టు మీద కుళాయి పనిచేయదు. అందుకే వాతావరణ సూచన చూసి ముందే నింపుకుంటాం.

టాయిలెట్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మాది క్యాసెట్ రకం. కింద 20 లీటర్ల డబ్బా ఉంటుంది. ఇద్దరికి మూడు రోజుల్లో నిండుతుంది. దాన్ని తీసి, చక్రాల బండి మీద పెట్టి, ఎల్సాన్ పాయింటుకు (ఆ డబ్బాలు ఒంపడానికి గట్టు మీద ఉండే చోటు) తీసుకెళ్లి ఒంపి, కడిగి తేవాలి. మేం మూడు డబ్బాలు పెట్టుకున్నాం, వంతులు వేసుకున్నాం. ఈ పని నావల్ల కాదు అనుకునేవాళ్లు పడవ కొనకూడదు, లేదా పంప్ అవుట్ ట్యాంకు ఉన్నది చూసుకోవాలి. అది నిండితే డబ్బు కట్టి యంత్రంతో లాగించుకోవాలి. కాలువ గడ్డకట్టి పడవ కదలకపోతే ఆ యంత్రం దగ్గరికి వెళ్లలేం, డబ్బానైతే మోసుకెళ్లొచ్చు. అందుకే నేను క్యాసెట్ వైపే.

కరెంటు సంగతి రేపు రాస్తాను, పొయ్యి చూడాలి.

పాతపడవ · నవంబర్ 9, ఉదయం 7:55

నేను మూడేళ్లుండి అమ్మేసినవాణ్ణి. అక్క చెప్పినవన్నీ నిజం. నేను ఇంకో సంగతి చేర్చాలి. కాలువ వేరు, నది వేరు. పేరుకు రెండూ ఒకే మ్యాపులో ఉంటాయి, కాని నదిలో నీరు ఒక్క రాత్రిలో లేస్తుంది.

నేను లెస్టర్‌షైర్‌లో సోర్ నది మీద ఉండేవాణ్ణి. 2024 జనవరి మొదట్లో హెంక్ తుఫాను వచ్చినప్పుడు గట్టు ఎక్కడుందో కనపడలేదు. పడవ కట్టిన తాళ్లు బిగుసుకుపోతే పడవ ఒక పక్కకు లాక్కుపోయి నీళ్లు లోపలికి వస్తాయి. వదులు చేస్తే గట్టు మీదికి తేలిపోతుంది, నీరు దిగాక అక్కడే ఒరిగి కూర్చుంటుంది. రెండు రాత్రులు గంటకోసారి లేచి తాళ్లు వదిలాను, పొడవాటి కర్రతో పడవను గట్టు నుంచి నెట్టాను. పక్క పడవలో పెద్దాయన ఒక్కడే ఉండేవాడు, ఆయన తాళ్లూ నేనే చూశాను. పడవ దక్కింది. కాని ఆ తర్వాత వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు. వేసవి రాగానే అమ్మాను.

మీరు కొంటే నది మీద చలికాలం మూరింగ్ (పడవ కట్టుకునే చోటు) తీసుకోవద్దు. మిల్టన్ కీన్స్ దగ్గర కాలువ నయం. ఊరంతటికీ ఫెన్నీ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక్క లాకే (పడవను ఎత్తుకూ పల్లానికీ దాటించే గేట్ల తొట్టి) ఉంది, దాని ఎత్తు అడుగు మీద అంగుళం. కొత్తవాళ్లకు అంత మంచి చోటు దొరకదు.

బొబ్బర్లంక · నవంబర్ 9, ఉదయం 10:20

లాకు అనే మాట ఇక్కడ చూసి ఆగలేకపోయాను. మా ఊళ్లో ఇప్పటికీ లాకుల దగ్గర అంటేనే అడ్రస్. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ ఆనకట్ట నుంచి తీసిన కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా దారి. మా తాతగారు గూనపడవ సరంగు. కాకినాడ నుంచి ఏలూరు కాలువ మీదుగా కృష్ణా కాలువల్లోకి, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ, అలా మద్రాసు దాకా నీళ్ల మీదే వెళ్లే రోజులవి. ధాన్యం, ఉప్పు ఆ పడవల మీదే వెళ్లేవి.

గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద తాడు పట్టుకుని మనుషులే లాగేవారు. మా నాయనమ్మ పెళ్లయిన కొత్తలో రెండేళ్లు ఆ పడవ మీదే ఉందట. గూన కింద పొయ్యి, నీళ్లు కాలువవే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవను ఒడ్డుకు లాగి, పగుళ్లలో గుగ్గిలం నింపేవారు. ఇంగ్లండులో మీరు మూడేళ్లకోసారి అడుగుకు తారు పూయిస్తారని విన్నాను. అవునా?

చుక్కాని · నవంబర్ 9, మధ్యాహ్నం 1:05

అవునండీ. ఇక్కడ బ్లాకింగ్ అంటారు. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి, అడుగు కడిగి, బిట్యుమన్ పూస్తారు. అప్పుడే ఆనోడ్లు కూడా చూస్తారు. మంచినీళ్లలో మెగ్నీషియం ముక్కలు వెల్డింగ్ చేస్తారు. ఇనుము బదులు తుప్పు వాటిని తింటుంది.

ఎంకే తమ్ముడికి నా మాట ఇది. 46,000 ఇచ్చే ముందు మీరు సొంతంగా పెట్టుకున్న సర్వేయర్‌తో, పడవను నీళ్లలోంచి బయటికి తీయించి సర్వే చేయించండి. అమ్మేవాళ్లు చూపించే పాత రిపోర్టు మీద నమ్మకం పెట్టుకోవద్దు. 2004 పడవ అంటే మామూలుగా అడుగు పలక 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైన గది 4 ఉండి ఉంటుంది. ఇరవై ఏళ్లలో ఎంత అరిగిందో అల్ట్రాసౌండ్ మీటరుతో కొలుస్తారు. ఎక్కడైనా 4 కన్నా తక్కువ వస్తే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఒప్పుకోవు. అప్పుడు పైన ఇంకో పలక అతికించాలి, దానికి వేలల్లో అవుతుంది. నేను మొదట చూసిన పడవ లోపల అద్దంలా ఉంది, కొత్త కిచెన్, కొత్త టైల్స్. సర్వేలో వెనక భాగం 3.4 వచ్చింది. సర్వేకీ, క్రేనుకూ పెట్టిన డబ్బు పోయింది, అయినా వదిలేశాను. ఆ డబ్బు పోయినందుకు ఇప్పటికీ సంతోషమే.

బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ నాలుగేళ్లకోసారి. అది గ్యాసు, నిప్పు, వైరింగు లాంటి వాటి గురించి. అడుగు ఎలా ఉందో అందులో ఉండదు. చాలామంది ఇది తెలియక మోసపోతారు.

ఎంకే_కుర్రాడు · నవంబర్ 9, సాయంత్రం 6:40

అందరికీ చాలా థాంక్స్. నీటిగడప అక్కా, టాయిలెట్ గురించి అంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా టెన్షన్ ఒకే చోట 14 రోజులకు మించి ఉండకూడదనే రూలు. మూరింగ్ లేకుండా తిరుగుతూ ఉంటే అద్దె కలిసొస్తుంది కదా? ఆఫీసుకు వారంలో మూడు రోజులు వెళ్లాలి.

నీటిగడప · నవంబర్ 9, రాత్రి 8:15

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాలువలు చూసేది 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. 1995 నాటి చట్టం ప్రకారం సొంత మూరింగ్ లేని పడవ నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి, ఒకే చోట వరుసగా 14 రోజులకు మించి ఉండకూడదు. వంతెన ఇటువైపు నుంచి అటువైపుకు జరిపి అయిపోయింది అంటే కుదరదు. వాళ్ల మనుషులు గట్టు మీద నడుస్తూ పడవ నంబర్లు రాసుకుంటారు. సరిగా తిరగకపోతే లైసెన్సు రెన్యూ చేసేటప్పుడు తక్కువ కాలానికి కుదిస్తారు. 2024 ఏప్రిల్ నుంచి మూరింగ్ లేనివాళ్లకు లైసెన్సు మీద అదనపు రుసుము కూడా ఉంది.

గంటకు నాలుగు మైళ్లు గరిష్ట వేగం. కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి. అంటే ఏడు మైళ్లు, ఏడు లాకులు ఉన్న దారికి ఒక పూట పూర్తిగా పోతుంది. మా ఆదివారాలు అలాగే వెళ్తాయి. ఈ వారం ఆఫీసుకు ఇరవై నిమిషాలు, వచ్చే నెల గంటా పది. కారు పక్క ఊళ్లో ఉండిపోతుంది, సైకిలేసుకుని వెళ్లి తెచ్చుకోవాలి. పడవ కన్నా కారును జరపడమే నాకు ఎక్కువ అలసట.

డబ్బు: లైసెన్సు, ఇన్సూరెన్సు, డీజిలు, బొగ్గు, గ్యాసు, బ్లాకింగ్, బ్యాటరీలు అన్నీ కలిపి ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే మాకు నెలకు 620 పౌన్లు. మంచి ఏడాదిలో. గేర్‌బాక్స్ పోయిన ఏడాది 900 దాటింది. ఫ్లాటు కన్నా తక్కువే. కాని ఆ తేడా డబ్బును నేను నా చేతులతో సంపాదించుకున్నాను అనిపిస్తుంది.

చుక్కాని · నవంబర్ 9, రాత్రి 9:02

అక్కా, ఇక్కడ మీతో ఒప్పుకోను. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ మొదటి ఏడాదే తిరుగుతూ ఉండమని కొత్తవాళ్లకు చెప్పకూడదు. మెరీనాలో (పడవలు వరుసగా కట్టుకునే రేవు) చోటు తీసుకుంటే గట్టు నుంచి కరెంటు వస్తుంది, కుళాయి పక్కనే, చెత్త పక్కనే. మొదటి చలికాలం అలా గడిపి, పడవ గురించి తెలుసుకుని, తర్వాత బయటికి రావచ్చు. నేను అలాగే చేశాను. లేకపోతే ఫిబ్రవరికే మొగుడూపెళ్లాల మధ్య గొడవలు వస్తాయి. మా పక్క పడవలో చూశాను.

ఒక్క జాగ్రత్త. మెరీనాల్లో చాలా చోట్లు కాపురం ఉండటానికి కావు, వారాంతాల్లో వచ్చిపోయేవాళ్లకే. పూర్తికాలం ఉండటానికి అనుమతి ఉన్న చోట్లు తక్కువ, ధర ఎక్కువ. అడిగి, కాగితం మీద రాయించుకోండి.

నీటిగడప · నవంబర్ 9, రాత్రి 9:20

నేను తిరుగుతూ ఉండమని చెప్పలేదు తమ్ముడూ, తిరిగితే ఎలా ఉంటుందో చెప్పాను. మొదటి చలికాలం మెరీనా అన్న మాట సరైనదే. మాకు అప్పుడు చోటు దొరకలేదు, ఆ నాలుగు నెలలు గుర్తు చేసుకోవాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

కరెంటు సంగతి చెప్పడం బాకీ ఉన్నాను. పైకప్పు మీద 500 వాట్ల సోలార్ ఉంది. జూన్‌లో మిగులుతుంది. డిసెంబరులో రోజంతా కలిపి ల్యాప్‌టాప్ ఒక పూట నడవడానికి కూడా చాలదు. అప్పుడు ఇంజిన్ ఆన్ చేసి బ్యాటరీలు నింపాలి, రోజుకు మూడు నాలుగు గంటలు. కట్టి ఉన్న పడవలో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజిన్ నడపకూడదు. ఆఫీసు నుంచి ఏడింటికి వస్తే మిగిలేది గంట. ఇక్కడ లెక్క తప్పితే లెడ్ బ్యాటరీలు ఒక్క చలికాలంలో చచ్చిపోతాయి, సగం కన్నా కిందికి దించకూడదు వాటిని. మేం లిథియంకు మారాక ఊపిరి పీల్చుకున్నాం.

లెస్టర్_నర్సు · నవంబర్ 10, ఉదయం 6:30

నేను పడవ మీద లేను. కాని ఇది చెప్పకుండా వెళ్లలేను. మూసిన చిన్న గదిలో బొగ్గు పొయ్యి, గ్యాస్ స్టవ్ అంటే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, నీరసం. ఫ్లూ అనుకుని పడుకుంటారు. బయటికి వెళ్తే తగ్గి, లోపలికి వస్తే మళ్లీ మొదలైతే అది ఫ్లూ కాదు. అలాంటప్పుడు పొయ్యి దగ్గరికి వెళ్లకుండా అందరూ బయటికి వచ్చి సాయానికి ఫోన్ చేయండి. 2019 ఏప్రిల్ నుంచి పడవల్లో అలారం తప్పనిసరి. పొయ్యి ఉన్నచోట ఒకటి, పడుకునేచోట ఇంకొకటి పెట్టండి, వారానికోసారి బటన్ నొక్కి చూడండి. చలి వేస్తోందని గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కొద్దు, ప్లీజ్.

అడ్రస్ గురించి: ఇంగ్లండులో అడ్రస్ ప్రూఫ్ లేదని జీపీ సర్జరీ (మీ ప్రాంతపు డాక్టరు క్లినిక్) మిమ్మల్ని చేర్చుకోనంటే అది నియమం కాదు. నెమ్మదిగా చెప్పండి, చేర్చుకుంటారు. కాలువ మీద ఉండే చాలామంది మా దగ్గర నమోదై ఉన్నారు.

పాతపడవ · నవంబర్ 10, ఉదయం 8:10

అడ్రస్ గురించి నేనూ చెబుతాను. బ్యాంకు, డ్రైవింగ్ లైసెన్సు, కారు ఇన్సూరెన్సు అన్నీ ఉత్తరం వచ్చే చోటు అడుగుతాయి. నేను స్నేహితుడి ఇంటిది వాడాను. వాడు ఇల్లు మారినప్పుడు మళ్లీ అన్నీ మార్చాల్సి వచ్చింది. వీసా మీద ఉన్నవాళ్లయితే ముందు ఆఫీసులో హెచ్ఆర్‌ను అడగండి. స్పాన్సర్ కంపెనీ మీ అడ్రస్ రికార్డు పెట్టుకోవాలి, మీరూ వీసా ఖాతాలో అడ్రస్ అప్‌డేట్ చేస్తూ ఉండాలి. పడవ కొన్నాక కాదు, కొనకముందే అడగాలి. ఓటు కూడా పోదు. స్థిరమైన అడ్రస్ లేనివాళ్లు స్థానిక సంబంధం ఉందని డిక్లరేషన్ ఇచ్చి నమోదు చేసుకోవచ్చు. భారతీయులం కామన్వెల్త్ పౌరులం కాబట్టి మనకూ ఆ హక్కు ఉంది.

ఎంకే_కుర్రాడు · నవంబర్ 10, రాత్రి 8:45

నేను వాళ్ల ఇంటావిడను, ఆయన ఖాతా నుంచే రాస్తున్నాను. నీటిగడప గారూ, మాది భీమవరం. నీళ్లు నాకు కొత్త కాదు. నా సందేహాలు వేరు. తలస్నానం చేస్తే జుట్టు ఎలా ఆరుతుంది? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? పోపు పెడితే ఆ వాసన దుప్పట్లకు పడుతుందా? రోజూ దీపం పెట్టే అలవాటు నాకు. వచ్చే ఏడు అమ్మను రప్పించాలని ఉంది, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఇవన్నీ చిన్న విషయాలే కావచ్చు, నాకు మాత్రం ఇవే ముఖ్యం.

నీటిగడప · నవంబర్ 10, రాత్రి 10:05

అమ్మాయ్, ఇవి చిన్న విషయాలు కావు. నేను వచ్చేటప్పుడు ఇవి అడగడానికి ఎవరూ లేరు.

మొదట తడి గురించి. ఇనుప పడవ, బయట చలి, లోపల వేడి. అన్నం ఉడికిన ఆవిరి, స్నానం ఆవిరి, మన ఊపిరి అన్నీ కిటికీల మీద నీళ్లై కారతాయి. పొద్దున గుడ్డతో తుడిచి పిండితే అర కప్పు వస్తుంది. పరుపు కింద గాలి ఆడకపోతే బూజు పడుతుంది. పడవ చూడటానికి వెళ్లినప్పుడు పరుపు ఎత్తి చూడు, అల్మారా మూలల్లో చెయ్యి పెట్టి చూడు. మేం పరుపు కింద చెక్క పట్టీలు వేశాం. కుక్కర్ పెట్టినప్పుడు పడవ పైకప్పుకు ఉన్న మూత తెరిచి ఉంచుతాను. అన్నం, పప్పు ఒకేసారి పెట్టేస్తాను, గ్యాసూ మిగులుతుంది, ఆవిరీ తగ్గుతుంది. బొగ్గు పొయ్యి పైన చలికాలమంతా ఏదో ఒక గిన్నె ఉంటుంది. పొద్దున పెట్టిన ముద్దపప్పు సాయంత్రానికి మెత్తగా ఉంటుంది. ఇడ్లీ పిండి ఆ పొయ్యి పక్కన పులిసినట్టు నా పాత ఫ్లాటులో ఎప్పుడూ పులవలేదు.

జుట్టు పొయ్యి ముందు కూర్చుని ఆరబెట్టుకుంటాను. హెయిర్ డ్రయ్యర్ ఇన్వర్టర్ మీద వేయొద్దు, ఇంజిన్ నడుస్తున్నప్పుడే. బట్టలు లాండ్రెట్‌లో (డబ్బు కట్టి మెషీన్లు వాడుకునే చోటు) ఉతికి అక్కడే ఆరబెట్టి తెస్తాం. చలికాలంలో లోపల ఆరేస్తే ఆ తడి అంతా గోడలకే. పోపు వాసన పడుతుంది. పడుకునే గదికి మందపాటి తెర వేసుకో. ఇంగువ మాత్రం రెండు డబ్బాల్లో పెట్టుకో.

దీపం నేనూ పెడతాను. ఇత్తడి ప్రమిదను ఇసుక పోసిన పళ్లెంలో పెట్టి, నేను పక్కనే ఉన్నంతసేపే. పక్క నుంచి పడవ వేగంగా వెళ్తే మనది ఊగుతుంది, అది మర్చిపోకూడదు.

మా అమ్మ తణుకు నుంచి వచ్చి ఐదు వారాలు ఉంది, మే నెలలో. పడవ లోపలికి దిగే మెట్లు మూడు, నిటారుగా ఉంటాయి. మా ఆయన అడుగున ఒక పెట్టె బిగించి, పట్టుకోవడానికి కమ్మీ వేశాడు. మొదటి మూడు రోజులు మమ్మల్ని తిట్టింది. తర్వాత ముందు డెక్ మీద కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ గట్టు మీద పోయేవాళ్లందరినీ పలకరించేది. భాష రాకపోయినా ఆవిడకు నాకన్నా ఎక్కువ మంది తెలుసు. చలికాలంలో మాత్రం పెద్దవాళ్లను పిలవొద్దు. గడ్డకట్టిన డెక్ మీద నేనే రెండుసార్లు పడ్డాను.

బొబ్బర్లంక · నవంబర్ 11, ఉదయం 9:40

ఇది చదివి మా ఆవిడకు వినిపించాను. రాజమండ్రి రేవుల్లో గోదావరి మీద ఇప్పటికీ పడవల్లోనే కాపురం ఉండే జాలరి కుటుంబాలు ఉన్నాయి. పైన టార్పాలిన్, అంచున పొయ్యి, పిల్లలు అక్కడే. వాళ్లకు ఇది ఇష్టపడి తీసుకున్నది కాదు, ఒడ్డున చోటు లేక. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేస్తే మేం టీవీలో చూస్తాం, వాళ్లు తాళ్లు చూసుకుంటారు. పాతపడవ గారు రాసింది చదువుతుంటే వాళ్లే గుర్తొచ్చారు.

చుక్కాని · నవంబర్ 11, మధ్యాహ్నం 12:30

లాకుల గురించి ఒక్క మాట, ఇది ప్రాణాల సంగతి. లాకులో కిందికి దిగేటప్పుడు వెనక గేటు కింద సిమెంటు అరుగు ఉంటుంది, గోడ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. అరుగు మీద చిక్కుకుంటే నీరు దిగుతున్నకొద్దీ వెనక భాగం పైనే ఉండి ముందు భాగం కిందికి పోతుంది, నిమిషాల్లో మునుగుతుంది. ఒకరు పడవలో, ఒకరు గేటు దగ్గర, ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ ఉండాలి. తేడా కనిపిస్తే వెంటనే పాడిల్ (లాకులోంచి నీళ్లు వదిలే చిన్న తలుపు) మూసేయాలి. ఆ సమయంలో ఫోన్ జేబులో ఉండాలి.

ఇంకొకటి. ప్రొపెల్లరుకు చెత్త చుట్టుకుంటే ముందు ఇంజిన్ ఆపి, వెనక ఉన్న మూత తీసి, చేత్తో తీయాలి. ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, నాకు ఒకసారి బర్మింగ్‌హామ్‌లో ఆరు గజాల చీర. పని అయ్యాక ఆ మూత గట్టిగా బిగించారో లేదో రెండుసార్లు చూడండి. వదులుగా వదిలి ఇంజిన్ వేస్తే నీళ్లు లోపలికే వస్తాయి.

ఎంకే_కుర్రాడు · నవంబర్ 23, రాత్రి 7:30

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి. ఆ పడవ చూడటానికి ఇద్దరం వెళ్లాం. మా ఆవిడ ముందు పరుపు ఎత్తింది. కింద చెక్క నల్లగా ఉంది. వెనక మెట్ల కింద అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి, అమ్మే ఆయన వాన నీళ్లు అన్నారు. సర్వేకు ఒప్పుకుంటారా అని అడిగితే తొందరగా కొనేవాళ్లు వేరే ఉన్నారన్నారు. వదిలేశాం.

హెచ్ఆర్‌తో మాట్లాడాను. వాళ్లు ఉత్తరాలకు ఒక స్థిరమైన అడ్రస్, పడవ ఎక్కడ ఉందో రాతపూర్వకంగా, రెండూ అడిగారు. మెరీనా అయితే సులువు అన్నారు. పూర్తికాలం అనుమతి ఉన్న మెరీనా ఒకదానిలో వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాం. ఫ్లాటు లీజు జూలై దాకా ఉంది. ఫిబ్రవరిలో వారం రోజులు ఒక పడవ అద్దెకు తీసుకుంటున్నాం, ఆ చలిలోనే చూడాలని మా ఆవిడే పట్టుబట్టింది. కాస్‌గ్రోవ్ నుంచి స్టోక్ బ్రూఎర్న్ వైపు వెళ్లాలని ఆలోచన. అక్కడ ఏడు లాకులు ఉన్నాయి కదా, ఇద్దరమే చేయగలమా?

నీటిగడప · నవంబర్ 23, రాత్రి 8:50

చేయగలరు. కాని ఫిబ్రవరిలో చాలాచోట్ల లాకుల మరమ్మతులకు కాలువ మూసేస్తారు. బుక్ చేసే ముందు ట్రస్ట్ వాళ్ల మూసివేతల జాబితా చూసుకోండి. తెరిచి ఉంటే తేదీ చెప్పు, మేం అప్పటికి బ్లిస్‌వర్త్ సొరంగం ఇవతలే ఉంటాం. నేను కింది లాకు దగ్గరికి నడిచి వస్తాను. విండ్లాస్ (లాకు పాడిల్ తిప్పే ఇనుప హ్యాండిల్) రెండోది నా దగ్గర ఉంది. అమ్మాయికి వేళ్లు కప్పే మందపాటి గ్లోవ్స్ కొనిపెట్టు, ఆ చలిలో ఇనుము చేతికి అంటుకుంటుంది.